నలభై ముత్యాల అత్తగారు

మా అత్తగారు రెండు వారాల కిందట గురువారం పొద్దున కాలం చేశారు. కాఫీ తాగి, గ్లాసు కిటికీలో పెట్టి మళ్ళీ నడుం వాల్చారు. టిఫినుకి లేపుదామని వెళ్ళేసరికి అయిపోయింది. ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా వెళ్ళిపోయిందని పలకరించడానికి వచ్చినవాళ్ళంతా అన్నారు. ఆ మాట మాత్రం నేను ఒప్పుకోను. ఇరవై ఆరేళ్ళు ఆమె పక్కన ఒకే కొట్టులో కూర్చున్నదాన్ని, ఎంత ఇబ్బంది పెట్టేవారో నాకు తెలుసు.

కబురు చెప్పడానికి టైలర్లందరికీ నేనే ఫోన్లు చేశాను. నాదెండ్ల సాయిబు మా కొట్టుకి నా పెళ్ళికి ముందు నుంచీ వస్తున్న మనిషి. విషయం చెప్పగానే, “ఎవరమ్మా, మన నలభై ముత్యాలామేనా?” అని అడిగి, నేను అవునన్నాక ఫోను పెట్టేసి బయల్దేరి వచ్చేశాడు. చుట్టాలకు ఆమె పెద్దమ్మో పిన్నో అయ్యేవారు. బజారుకు మాత్రం చివరి రెండేళ్ళూ నలభై ముత్యాలామె. ఆ పేరు ఎలా వచ్చిందో మీకు చెప్పుకోవాలి. అందులో నా తప్పు కూడా ఉంది, దాన్ని దాచి ఆమెను పొగిడితే ఆమెకే నచ్చదు.

నరసరావుపేటలో మాది దారాలు, గుండీల కొట్టు. వెనక ఇల్లు, ముందు కొట్టు. మూడు గోడల నిండా చెక్క సొరుగులు. చొక్కా గుండీలు, కోటు గుండీలు, హుక్కులు, జిప్పులు, పూసలు, చిలకలూరిపేట నుంచి వచ్చే దారపు ఉండలు, అన్నీ వాటిలోనే. ఆమె స్టూలు మీద కూర్చుని, వచ్చినవాళ్ళతో కబుర్లు చెబుతూనే వెనక్కి చెయ్యి చాపేవారు. సొరుగు వైపు చూసేవారు కాదు. చేతికి వచ్చింది పొట్లం కట్టి ఇచ్చేవారు. వెల్దుర్తి నుంచి ఒకామె పాత రవికె గుండీ ఒక్కటి తెచ్చి, దీనికి జత కావాలంటే, గుండీని వేళ్ళ మధ్య తిప్పి చూసి, జత తీసి చేతిలో పెట్టారు. అలాంటివి నేను లెక్కలేనన్ని చూశాను.

నేను కొత్తగా వచ్చిన రోజుల్లో ఎవరేం అడిగినా “లేదండీ” అనేసేదాన్ని. ఆమె నా వైపు చూసి, “ఏమే, లేదనేముందు కింది సొరుగు చూశావా?” అనేవారు. ఏదైనా వెతకాలంటే కింది వరస నుంచి మొదలుపెట్టాలి, ఎడమ నుంచి కుడికి రావాలి, చూసిన సొరుగు మీద టైలరు సుద్దతో గీత పెట్టాలి. “గీత పెట్టినదాన్ని మళ్ళీ తెరిచావంటే నీ కళ్ళ మీద నీకే నమ్మకం లేనట్టు” అనేవారు. గీత పెట్టడం మరిచిపోతే మొదటి నుంచీ వెతికించేవారు.

రెండున్నరేళ్ళ కిందట ఆమెకు పక్షవాతం తగిలింది. చిన్నదే, కానీ కుడి చెయ్యి వేళ్ళు మొద్దుబారాయి. గుంటూరు ఆసుపత్రిలో ఇరవై రోజులు ఉన్నారు. మా ఆయన అక్కడ, నేను ఇక్కడ. ఆ ఇరవై రోజుల్లో నేను కొట్టు సర్దాను. ఏళ్ళ తరబడి నాకున్న కోరిక అది. తెల్లవన్నీ ఒక వరస, రంగువి ఒక వరస, హుక్కులు ఒక పక్క, జిప్పులు ఒక పక్క. సొరుగులకు స్టిక్కర్లు కూడా అంటించాను. చూసుకుని మురిసిపోయాను.

ఆమె తిరిగొచ్చి, పదిహేను రోజులు ఇంట్లో ఉండి, మళ్ళీ స్టూలు ఎక్కారు. ఆ వారంలోనే సాయిబు వెనక్కి వచ్చాడు. తెల్ల గుండీలు అడిగితే పొట్లంలో మీగడ రంగువి ఉన్నాయి. రెండు రోజులకు ఇంకొకరికి హుక్కుల బదులు ప్రెస్ గుండీలు వెళ్ళాయి. మూడోసారి పెళ్ళికూతురి రవికెకు బంగారు రంగు పూసలు అడిగితే వెండివి వెళ్ళాయి. వాళ్ళు కొట్టు ముందు నిలబడి అరిచారు. మా అత్తగారు పూసలు వెనక్కి తీసుకుని డబ్బులు లెక్కపెట్టి ఇచ్చేశారు. ఆ సాయంత్రం, “అత్తయ్యా, కొన్నాళ్ళు మీరు విశ్రాంతి తీసుకోండి” అని చెప్పి, బొడ్లో దోపుకున్న కొట్టు తాళాల గుత్తి ఇమ్మన్నాను. తీసి ఇచ్చారు. మతిమరుపు మొదలైందని చుట్టాలకు ఫోన్లో చెప్పింది కూడా నేనే.

వేళ్ళు కదులుతూ ఉండాలని డాక్టరు చెప్పారు. గుంటూరులో హాస్టల్లో ఉండి చదువుకునే మా అమ్మాయి సెలవులకు వచ్చినప్పుడు నాయనమ్మ ఫోన్లో ఒక ఆట వేసి పెట్టింది. పడవ మీద కూర్చుని గాలంతో చేపలు పట్టే ఆట. కోడిగుడ్డు కూడా గడప దాటి రాని ఇల్లు మాది. “రామ రామ, చేపలేందే!” అన్నారు ఆమె. “చంపేదేం ఉండదు నాయనమ్మా. పట్టాక రెండు గుర్తులొస్తాయి. బుట్ట నొక్కితే బుట్టలోకి, నీళ్ళు నొక్కితే నీళ్ళలోకి.” “అయితే బుట్ట నాకెందుకు?” అని ఒప్పుకున్నారు. బుట్టలో చేపలు పడితేనే పాయింట్లు, పాయింట్లుంటేనే మంచి పడవ. ఆమె పడవ చివరిదాకా మొదటి రోజుదే.

ఆటలో తొమ్మిదో మెట్టు, పిల్లల మాటలో లెవెల్, దగ్గర ఆమె ఆగిపోయారు. అక్కడ చేపలు ముఖ్యం కాదు. నీళ్ళలో మునిగిపోయిన పెద్ద ఇల్లు ఒకటి వస్తుంది. “ఇట్టాంటి ఇళ్ళు మన సాగర్ నీళ్ళ కింద చానా ఉన్నయి” అన్నారు చూడగానే. ఆ ఇంట్లో పన్నెండు గదులు. కుండల్లో, పెట్టెల్లో, తలుపుల వెనక నలభై ముత్యాలు దాగి ఉంటాయి. గాలంతో గొలుసు లాగితే గంట మోగి, గదులు ఒకదాని చోటికి ఒకటి మారిపోతాయి. ఒక తలుపు తెరుచుకుంటే ఇంకోటి మూసుకుంటుంది. మా అమ్మాయీ, దాని హాస్టలు స్నేహితురాళ్ళూ ముప్ఫై దాటలేక వదిలేశారు.

ఆమె వదల్లేదు. మంచం పక్కన గచ్చు మీద టైలరు సుద్దతో పన్నెండు గళ్ళు గీశారు. ఒక్కో గదికి ఒక్కో కోటు గుండీ పెట్టారు. ఫోన్లో గది మారితే, మొద్దుబారిన వేళ్ళతోనే గుండీని జరిపేవారు. ముత్యం దొరికిన గదిలో చుక్క, వెతకడం అయిపోయిన మూలకు గీత. కింది గది నుంచి మొదలు, ఎడమ నుంచి కుడికి. అచ్చం మా కొట్టు పద్ధతే. గుండీ జారి మంచం కిందికి దొర్లితే వంగి తీసుకునేవారు, నన్ను తియ్యనిచ్చేవారు కాదు. నెలా పదిహేను రోజులకు ముప్ఫై తొమ్మిది చుక్కలయ్యాయి. నాకు మాత్రం అదంతా కాలక్షేపంలాగే కనపడింది.

ఒక మధ్యాహ్నం ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు ఆ గది ఊడ్చాను. గుండీలు ఏరి డబ్బాలో వేశాను. సుద్ద గీతల మీద తడిగుడ్డ పెట్టేశాను. ఆమె వచ్చి గుమ్మంలో ఆగిపోయారు. అప్పటికిగానీ చేసిన పనేమిటో నాకు తట్టలేదు. నెలన్నర కష్టం, ఒక్క తుడుపుకి పోయింది.

“ఆ డబ్బా ఇట్టా తే. సుద్ద కూడా” అన్నారు.

కూర్చుని గళ్ళు గీశారు. పన్నెండు గుండీలూ ఒక్కొక్కటే పెట్టారు. చుక్కలు పెట్టడం మొదలుపెట్టారు. మెట్ల గదిలో నాలుగు, వంటింట్లో మూడు, ఒకటి కుండలో, రెండు పొయ్యి వెనక. ఊడ్చేటప్పుడు మంచం మీద నుంచి తీసిన ఆమె ఫోను నా చేతిలోనే ఉంది. ఆటలోకి వెళ్ళి ఒక్కో గదీ చూస్తూ వచ్చాను. ముప్ఫై తొమ్మిదికి ముప్ఫై తొమ్మిదీ సరిపోయాయి. గొలుసు లాగి గదులు మార్చాను, కావాలనే. గంట మోగింది. ఆమె తల ఎత్తకుండా, చప్పుడు వినగానే ఏ గొలుసో అడిగి, నాలుగు గుండీలు జరిపారు. అవీ సరిపోయాయి.

మతి పోయిన మనిషి చేసే పనా ఇది? మరి గుండీలు ఎందుకు తప్పు వెళ్ళాయి? అప్పుడు తట్టింది నాకు. తెల్ల గుండీల చోట మీగడ రంగువి పెట్టింది నేను. హుక్కుల చోట ప్రెస్ గుండీలు పెట్టింది నేను. ఆమె చెయ్యి ముప్ఫై ఏళ్ళుగా వెళ్ళిన చోటికే వెళ్ళింది. కొట్టంతా మార్చి, స్టిక్కర్లు అంటించి, ఆ మాట ఆమెకు ఒక్కరికే చెప్పలేదు.

“అత్తయ్యా, సొరుగులు మార్చింది నేను” అన్నాను.

“తెలుసు. మూడోసారి తెలిసింది.”

“మరి చెప్పలేదేంటి అప్పుడే?”

“రోగం వచ్చి లేచినదాని మాట ఎవరు వింటారే? సాకు చెబుతుందంటారు.” చివరి గుండీ సరిచేసి నా వైపు చూశారు. “ఈ ఆటే నయం. గదులు మార్చేప్పుడు గంటన్నా కొట్టిద్ది. నువ్వు కొట్టలా.”

నా జీవితంలో నన్ను అంత మెల్లగా, అంత గట్టిగా తిట్టినవాళ్ళు లేరు. అక్కడే కూర్చుని ఏడ్చేశాను. తాళాల గుత్తి తెచ్చి ముందు పెట్టాను. ఆమె తీసుకోలేదు. “నలభై అయినాక ఇయ్యి. ఒకటి తక్కువలో తీసుకుంటే జాలిపడి ఇచ్చావంటారు బజార్లో” అన్నారు. పొగరు! ఆ పొగరు చూసి నాకు మొదటిసారి గర్వమేసింది.

నాలుగు రోజుల తర్వాత సాయిబు జిప్పుల కోసం వచ్చి, పలకరిద్దామని లోపలికి వచ్చాడు. ఆమె గొలుసు లాగబోతే వేలు జారింది. గాలం పోయి ఒక మీసాల చేప నోట్లో గుచ్చుకుంది. ఆ మెట్టులో ఎక్కువ పాయింట్లు దానికే. ఆడినవాళ్ళంతా మొదటి రోజే దాన్ని పట్టి బుట్టలో వేసుకుంటారట. ఆమె మాత్రం అన్ని రోజులూ దాన్ని తప్పించుకునే ఆడారు. “అయ్యో, అయ్యో” అంటూ గబుక్కున నీళ్ళ గుర్తు నొక్కారు. “పో తల్లీ, మీ ఇంటికి పో.”

చేప నిజంగానే ఇంటికి పోయింది. మెట్ల కిందికి దిగి, గోడ దగ్గర ఒక రాయిని మూతితో నెట్టింది. రాయి పక్కకి జరిగింది. లోపల చేప గూడు, గూట్లో ముత్యం.

“యా అల్లా, ఉందమ్మా! ఆడ ఉంది!” అని సాయిబు కేకపెట్టాడు. ఆమె గాలం వదిలి ముత్యాన్ని తీశారు. తెర మీద నలభైకి నలభై అని పడింది, పక్కనే బుట్ట గుర్తు దగ్గర సున్నా ఉంది. చేపను బుట్టలో వేసుకున్నవాళ్ళకు ఆ గూడు ఎలా తెలుస్తుంది? మా అమ్మాయికి ఫోన్ చేసి చెబితే హాస్టలంతా అరుపులు. ఆ వారమంతా ఆడపిల్లలు ఒకరి తర్వాత ఒకరు వీడియో కాల్లో నాయనమ్మని దారి అడగడమే. “కింది గది చూశావా?” అని అడగకుండా ఎవరికీ దారి చెప్పలేదు ఆమె. సాయిబు బజారంతా చెప్పాడు. పేరు అలా వచ్చింది.

గుత్తి ఆమె బొడ్లో నేనే దోపాను. “సొరుగులు పాత చోటికి మార్చెయ్యమంటారా?” అని అడిగాను.

“వద్దులే. నీ సర్దుడు బానే ఉంది. గంట కొట్టి చూపించు, చాలు.”

దేవుడి గూట్లో గంట తెచ్చాను. ఒక్కో సొరుగు దగ్గరా గంట కొట్టి, ఏది ఎక్కడికి మారిందో చెప్పాను. ఆమె స్టూలు మీద నుంచి వెనక్కి చెయ్యి చాపి తాకి చూసుకున్నారు. రెండు మధ్యాహ్నాలు పట్టింది. మూడో రోజు నుంచి మళ్ళీ చూడకుండానే పొట్లాలు కట్టారు. ఈ రెండేళ్ళలో ఒక్క పొట్లం వెనక్కి రాలేదు. అది చెప్పుకోవడానికే ఇదంతా రాశాను. మా అత్తగారు గెలిచారు, నా కళ్ళ ముందు గెలిచారు, నా మీదే గెలిచారు.

కర్మకాండలన్నీ అయ్యాక నిన్న కొట్టు తెరిచాను. పై వరసలో ముత్యాల గుండీల సొరుగున్న చోట గోడకు చెద పట్టింది, కిందికి మార్చక తప్పదు. సాయిబు, ఇంకో ఇద్దరు టైలర్లు అప్పటికే వచ్చి నిలబడి ఉన్నారు. సొరుగు బయటికి లాగి, బల్ల మీద పెట్టి, లోపలికి వెళ్ళి గంట తెచ్చాను. కొట్టాను. ముగ్గురూ ఆమె స్టూలు వైపు చూశారు.

“అత్తయ్యా, ముత్యాల గుండీలు కింది వరసకి మారుస్తున్నాను” అని చెప్పి, సొరుగు ఎత్తుకున్నాను.