నారుకు రావొద్దని పెట్టిన మెసేజ్

2023 ఆగస్టు. ఖమ్మంలో ఫ్లెక్సీల దుకాణంలో డిజైనర్ ఉద్యోగం మానేసి, చిన్న వ్యాపారాలకు సోషల్ మీడియా పేజీలు నడిపే పని మొదలుపెట్టి అప్పటికి ఏడాది. ఒక స్వీట్ షాపు, ఒక టైలరింగ్ సెంటర్, రెండు బ్యూటీపార్లర్లు, అంతే నా సామ్రాజ్యం. అలాంటి నాకు కల్లూరు దగ్గర మిర్చి నారు పెంచే నాగమణి అక్క తన నారుకు ప్రచారం చెయ్యమని ఫోన్ చేస్తే ఎగిరి గంతేశాను.

అక్క నర్సరీ పెట్టి రెండో ఏడు. మూడు షేడ్‌నెట్లు, అంటే ఎండ ఆపడానికి పచ్చటి వల కప్పిన పందిళ్లు, వాటి నిండా ట్రేలలో నారు. మిర్చి నారుకు వయసుంటుంది. నలభై రోజులు దాటాక కాడ ముదురుతుంది, ఇంకా ఆగితే రైతు ముట్టుకోడు. అక్క నారుకు అప్పటికే ముప్పై అయిదు రోజులు. ఇది పోకపోతే నర్సరీ ఎత్తేయడమేనని మొదటి రోజే చెప్పింది.

నేను ఊరుకుంటానా! అక్క నంబరు మీద బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ తయారుచేశాను. ఒక్కసారి పంపితే వాట్సాప్‌లో వందల మందికి విడివిడిగా చేరే ఏర్పాటు అది. పొద్దున అక్క ఫోటోతో శుభోదయం, మధ్యాహ్నం ఆఫర్, సాయంత్రం 'త్వరపడండి'. ఫేస్‌బుక్‌లో రోజుకు నాలుగు పోస్టులు. మా భాషలో రీచ్ అంటే ఎంతమందికి కనబడ్డామన్న లెక్క. అది పెరుగుతుంటే నాకు ఒళ్లు తెలిసేది కాదు. ట్రేలు మాత్రం కదల్లేదు. అయిదో రోజుకు సగం మందికి మెసేజ్ ఒక్క టిక్‌తోనే ఆగిపోతోంది. బ్లాక్ చేశారని అర్థమైనా, సిగ్నల్ లేదేమోనని అక్కకు సర్దిచెప్పాను.

ఆ రోజే బూర్గంపాడు వైపు నుంచి సమ్మయ్య అనే రైతు వచ్చాడు. కిందటేడు ఇక్కడే నారు తీసుకున్నాడట. కొనడానికేమో అనుకుని నేను వీడియో తీయడానికి ఫోన్ పట్టుకున్నాను. ఆయన వచ్చిన పని వేరు.

"నీ మెసేజ్ మోగితే మా ఇంట్ల నవ్వుతున్నరమ్మా. భూమిల పదును లేదు, చినుకు లేదు. నారు తెచ్చి ఏడ పెట్టాలె? నిన్ను మ్యూట్ల పెట్టిన. మొకం మీద చెప్పి పోదామని వచ్చిన."

మ్యూట్ అంటే ఏమిటో అక్కకు నేను విడమరిచి చెప్పాల్సి వచ్చింది. మనం పంపుతూనే ఉంటాం, అవతల చప్పుడు రాదు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ నెలంతా వాన లేదని, నేలలో తడి లేదని ఖమ్మంలో ఫ్యాన్ కింద కూర్చున్న నాకూ తెలుసు. తెలిసి కూడా 'త్వరపడండి' అని రాశాను.

అక్క తన ఫోన్ అందుకుంది. రాయలేదు, మాట్లాడింది.

"నేను నర్సరీ నాగమణిని. ఈ వారం నారుకు ఎవ్వరు రావొద్దు. పదును లేని భూమిల పెడితే సస్తది. తలలు తుంచి నారును నేనే ఆపుత. వాన పడి భూమి తడిసినంక నేనే చెప్త. అప్పటిదాంక నా ఫోన్ నుంచి ఒక్క మెసేజ్ రాదు."

తలలు తుంచితే నారు ఏపుగా పెరగకుండా వారం పది రోజులు ఆగుతుంది. అంతకు మించి ఆగదు. అమ్ముకునేవాళ్లు రావొద్దని చెప్పడం నేనెక్కడా వినలేదు. నా పొట్ట కొట్టావక్కా అన్నాను. నవ్వింది గానీ మాట మార్చలేదు.

ఆ తొమ్మిది రోజులు నా ప్రాణం ప్రాణంలో లేదు. కూలీలు వరసగా నారు తలలు తుంచుతుంటే అద్భుతమైన రీల్ తీశాను. రీల్ మెసేజ్ కాదు కదా అని వాదించాను. వాన పడ్డదా అని అడిగింది, పడలేదన్నాను, అయితే పెట్టకు అంది. ఎనిమిదో రోజు జల్లు కురిస్తే కేక పెట్టినంత పని చేశాను. అక్క గడ్డపారతో చేలో తవ్వి చూసి, జానెడు కూడా తడవలేదని ఇంకా ఆగమంది. అప్పుడు మాత్రం నిజంగా కోపం వచ్చింది.

మర్నాటి రాత్రి తెల్లవార్లూ కురిసింది. పొద్దున ఆరింటికి అక్క రెండే మాటలు పంపింది: భూమి తడిసింది, రండి. ఆ తర్వాత ఏం చెప్పను! ఫోన్ కింద పెట్టనివ్వలేదు. పదింటికల్లా ఆటోలు, ట్రాలీలు రోడ్డు మీదికి బారులు తీరాయి. నేను ఫోటోలు తీయడం మరిచిపోయి ట్రేలు మోశాను. దుమ్ముగూడెం వైపు నుంచి ఆరుగురు ఒకే బండిలో వచ్చారు. వాళ్లలో ఎవరి దగ్గరా అక్క నంబరు లేదు. రావొద్దన్న ఆ వాయిస్ మెసేజ్‌ను వాళ్ల ఊరి ఆశావర్కర్ కోయ భాషలో మళ్లీ చెప్పి తమ గ్రూపులో పెట్టిందట. సమ్మయ్య తన వాళ్లను ఇద్దరిని వెంటేసుకొచ్చాడు. నాలుగో రోజుకు పందిళ్లు ఖాళీ.

ఖాళీ పందిట్లో టీ తాగుతూ, భయం వేయలేదా అని అక్కను అడిగాను.

"ఎందుకెయ్యదు చెల్లె. మూడు దినాలు అన్నం పోలే. కానీ నారు నా కాడ ముదిరితే ఈ పందిళ్లే పోతయి. వాళ్ల చేన్ల ఎండితే, ఆ తొవ్వల పోయేటోళ్లందరికి నా పేరే చెప్తరు."

రీచ్ గురించి నాకు అంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు కొత్త క్లయింట్ ఎవరొచ్చినా, రోజుకు ఎన్ని పోస్టులు కావాలని అడగను. ఏ రోజు మీ కస్టమర్‌ను రావొద్దంటారు అని అడుగుతాను. చాలామంది నాకు పిచ్చేమోనని చూసి వెళ్లిపోతారు. వెళ్లనివ్వండి, ఆగి ఆలోచించేవాళ్లతోనే నా ఇల్లు గడుస్తోంది.