బటన్ బాగానే ఉండింది

మొన్న ఆసుపత్రిలో నర్సమ్మ సూది వేసే ముందు స్పిరిట్‌తో తడిపిన దూదితో నా భుజం తుడిచింది. ఆ చల్లటి ఘాటు వాసనకు వేరేవాళ్ళకైతే మందులూ రోగాలూ గుర్తుకొస్తాయేమో. నాకు మాత్రం చిత్తూరులో షంషాద్ అక్క నడిపిన వీడియో గేముల గది గుర్తుకొచ్చింది. రోజూ తలుపు తీయగానే ఆమె నాలుగు టీవీల ముందున్న కంట్రోలర్లను స్పిరిట్ దూదితో ఒక్కొక్క బటన్ చొప్పున తుడిచేది. నేను ఐదో తరగతి వరకే చదివాను. జాకెట్లు కుట్టడం, మగ్గం పని తప్ప వేరే ఏదీ రాదు. ఇలా కూర్చుని రాయడం ఇదే మొదలు. తప్పులుంటే మన్నించండి. ఆమె గురించి ఎవరో ఒకరు రాయాలి కదా.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. ఆమె గది పక్కనే ఉన్న టైలర్ షాపులో పనిచేసేదాన్ని. షంషాద్ అక్కకు నలభై దాటి ఉంటాయి. వాళ్ళాయన బస్సుల వర్క్‌షాపులో మెకానిక్. గది మొత్తం ఆమే చూసుకునేది. కాలేజీ పిల్లలకు కూడా కారు పందెం ఆటలో ఆమెను ఓడించడం చేతనయ్యేది కాదు. మధ్యాహ్నం అన్నం తిన్నాక నేను వాకిట్లో నిలబడి లోపలి టీవీ వంక చూసేదాన్ని. ఒకరోజు ఆమె గమనించి పిలిచింది.

"ఏమ్మే రేవతీ, ఆడ నిలబడి సూస్తే వస్తాదా? లోపలికి రా."

ఆడుతున్న హరి అనే కాలేజీ పిల్లవాడు నవ్వాడు. "అక్కా, మిషన్ తొక్కినట్ల కాదు ఇది. కాళ్ళతో పన్లేదు."

"నువ్వు ఇంతసేపూ కాళ్ళతోనే ఆడినావు గదరా. లెయ్, ఆమెకియ్యి," అంది షంషాద్ అక్క.

ఆ గదిలో ఒక పద్ధతి ఉండేది. ఓడినవాళ్ళు స్టూలు మీద నుంచి లేచే ముందు, ఎలా ఓడిపోయారో అందరికీ వినబడేలా చెప్పాలి. "మలుపులో బ్రేకు ఆలస్యంగా కొట్టినా," "ముందున్న కారును చూస్తా గోడను మర్చిపోయినా," ఏదో ఒకటి, కానీ తాను చేసిందే చెప్పాలి. ఎవరైనా తప్పు కంట్రోలర్ మీదికి తోసి, నొక్కినా బటన్ పడలేదు అంటే ఆమె వాదించేది కాదు. అదే కంట్రోలర్ తీసుకుని, అతనితోనే ఆడి, అతన్ని ఓడించి, మళ్ళీ అతని చేతిలో పెట్టేది. గదంతా గొల్లున నవ్వేది. మొదట్లో నాకు అది సిగ్గుగా ఉండేది. పోనుపోను బాగా పనికొచ్చింది. నోటితో చెప్పిన తప్పు మరుసటి రోజు చేతికి గుర్తుండేది. ఆరు నెలలకు నేను హరిని కూడా ఓడించసాగాను.

ఒకరోజు ధైర్యం చేసి అడిగాను. "అక్కా, ఇప్పుడు నేను కూడా గేమర్నే గదా?"

ఆమె దూదిని సీసా మూత మీద పెట్టి నా ముఖంలోకి చూసింది. "బాగా ఆడతాండావు. ఈడ ఓడిపోతే నీకేం నొప్పి? నొప్పెట్టేతట్ల ఓడిపోయినప్పుడు సూస్తాం లే."

నాకు కోపం వచ్చింది. ఇంకా ఏం చేస్తే ఆమె నన్ను గేమర్ అంటుంది అని రాత్రింబగళ్ళు అదే ధ్యాస. మా ఇంట్లో నాకు వేరే పేరే లేదు, కుట్టే పిల్ల అంతే. అందుకే ఆ ఒక్క మాట నాకు అంత కావాల్సి వచ్చింది.

తిరుపతిలో ఒక గేముల గదివాళ్ళు పోటీ పెట్టారు. షంషాద్ అక్క హరిని కాదని నన్ను తీసుకెళ్ళింది. చివరి ఆటలో నా ఎదుటి మనిషి మురళి. అలిపిరి దగ్గర ఆటో నడుపుతాడు. ఖాకీ చొక్కాతోనే వచ్చాడు. చివరి చుట్టులో నేనే ముందున్నాను. ఇంతలో పక్కన ఎవరో కెమెరా ఎత్తారు. నా ఫోటోనేనా అని అటు చూశాను. అంతే, కారు గోడకు తగిలింది. మురళి గెలిచాడు. నా నోట్లోంచి వచ్చిన మాట ఇప్పటికీ తలచుకుంటే ఒళ్ళు ముడుచుకుపోతుంది.

"బటన్ పడలేదు."

పోటీ పెట్టినవాళ్ళు వేరే కంట్రోలర్ ఇచ్చి మళ్ళీ ఆడించారు. ఈసారి మురళి గోడకు కొట్టాడు. నాకు బహుమతిగా మూడు గిన్నెల స్టీలు క్యారియర్ ఇచ్చారు. జనం చప్పట్లు కొట్టారు. అందరూ వెళ్ళిపోతుంటే షంషాద్ అక్క నేను వదిలేసిన కంట్రోలర్ తీసుకుని ఒక్కొక్క బటనూ నొక్కి చూడడం గమనించాను. బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. చిత్తూరు దగ్గరపడుతుండగా నా వైపు తిరిగింది.

"బటన్ బాగానే ఉండాది," అంది.

"మరి ఆడనే ఎందుకు చెప్పలేదక్కా?"

"అది నేను చెప్పేది కాదు. ఓడింది నువ్వు."

వారం రోజులు నేను ఆమె గదిలోకి అడుగుపెట్టలేదు. ఆమె కూడా పిలవలేదు. క్యారియర్ ఇంట్లో అలమరలో ఉంటే అన్నం తినబుద్ధి కాలేదు. ఆదివారం దాన్ని సంచిలో పెట్టుకుని తిరుపతి బస్సెక్కాను. అలిపిరి ఆటో స్టాండులో, కొండకు నడిచి వెళ్ళేవాళ్ళ సందడి మధ్య మురళిని వెతికి పట్టుకున్నాను. ముందుగా అనుకున్న మాటలన్నీ మర్చిపోయాను.

"అన్నా, ఆ రోజు బటన్ బాగానే ఉండింది. నేను ఫోటో తీస్తాండారేమోనని పక్కకు చూసినా. ఇది నీది."

అతను క్యారియర్ తీసుకుని మూత తీసి చూశాడు. "ఖాళీదేనా? అన్నం పెట్టుకోనొచ్చింటే బాగుండు గదమ్మా." పక్కనున్న ఆటోవాళ్ళు నవ్వారు. అతను కూడా నవ్వి అన్నాడు, "తెలుసులేమ్మా. నేను దినామూ ఆడేది ఆ కంట్రోలర్‌తోనే."

"మరి ఎందుకు ఊరుకున్నావన్నా?"

"రెండోసారి గోడకు కొట్టింది నేనే గదా. దానికి నిన్ను తిట్టేదెట్ల?"

బస్సులో తిరిగొస్తూ అర్థమైంది, ఆ రోజు ఆ తిరుపతి గదిలో నిజమైన గేమర్ ఎవరో. సాయంత్రం నేరుగా షంషాద్ అక్క దగ్గరికి వెళ్ళి, హరి, ఇంకో ఐదారుమంది పిల్లల ముందు నిలబడి మొత్తం చెప్పాను. ఫోటో సంగతికి హరి పడీపడీ నవ్వాడు. షంషాద్ అక్క నవ్వలేదు. స్టూలు నా ముందుకు జరిపింది. అప్పుడే కొత్తగా వచ్చిన ఒకతను, "ఈమె పక్క షాపులో కుట్టే ఆమె గదా?" అన్నాడు.

"కుడతాది. గేమర్ కూడా. కూర్చో, ఓడిస్తాది నిన్ను," అంది అక్క అతనితో.

నిజంగానే ఓడించాను. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే టీవీలో రోడ్డు సరిగా కనబడలేదు, అయినా.

ఫోన్లు వచ్చాక ఆ గది మూతపడింది. రెండేళ్ళ కిందట షంషాద్ అక్క చనిపోయింది. నేను ఇప్పటికీ ఫోన్లో ఆడతాను, ఎవరడిగినా గేమర్నని చెబుతాను. కానీ ఆమె నాకిచ్చింది ఆటొక్కటే కాదు. పోయిన నెల ఒక పెళ్ళిజాకెట్ వీపు మీద మగ్గం పని చేస్తుంటే సూది గట్టిగా లాగేసరికి పట్టుగుడ్డ చిరిగింది. ఇంకో పూసలవరుస వేస్తే ఎవరికీ కనబడదు. గుడ్డే నాసిరకం అన్నా నమ్ముతారు. గంటసేపు చేతులు కట్టుకుని దాని ముందే కూర్చున్నాను. తర్వాత పెళ్ళికూతురి వాళ్ళమ్మకు ఫోన్ చేశాను.

"అమ్మా, గుడ్డ మంచిదే. నా చేయి జారింది," అన్నాను.

ఆమె తిట్టింది. తిట్టడం అయ్యేదాకా విన్నాను. తర్వాత మగ్గానికి కొత్త గుడ్డ బిగించి, మొదటి పువ్వు నుంచి మొదలుపెట్టాను.