డకోటాకు నీళ్లు పోసిన ఊరు

మన బడి మైదానంలోని డకోటా విమానాన్ని తుక్కు వ్యాపారికి అమ్మింది మన సర్పంచే. చరిత్రను కిలోల లెక్కన అమ్మే హక్కు ఆయనకెవరిచ్చారు? నిన్న రెక్క కోస్తుంటే వచ్చిన కాలిన వాసన ఇంకా నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు.

రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా కొండల్లోని సైనికులకు బియ్యం మూటలు జారవిడిచి, తర్వాత కశ్మీరుకు సిపాయిలను మోసి, చివరికి మన బడికి చేరిన విమానమది.

ఆ కరువు ఏడు గుర్తుందా? వాన కోసం మన అవ్వలు దాని ముక్కుకు పసుపు రాసి బిందెలతో నీళ్లు పోశారు. యుద్ధకాలంలో ఆ విమానంలోకి బియ్యం మూటలెత్తిన ఖాదర్ తాత నవ్వాడు. “ఏమ్మా, అది మోసింది బియ్యమే గాని వాన కాదు!”

“మబ్బుల్లో తిరిగొచ్చిండాది గదప్పా, వాన యాడుండాదో దానికే ఎరుక!” అంటూ లక్షుమ్మవ్వ ఇంకో బిందె కుమ్మరించింది.

తాగడానికే లేని నీళ్లవి!

రేపు పొద్దున ఆరు గంటలకు, కోసేవాళ్లు రాకముందే, విమానం చుట్టూ కూర్చుందాం. మీ అవ్వలను కూడా పిలుచుకొని రండి.