వేపదుంగ మీద నేర్చిన స్వారీ

మా తాతకు తాత సంస్థానంలో గుర్రపుసాలకు అధికారి. దసరా ఊరేగింపులో రాజావారికి ఎడమపక్క, కాస్త వెనకగా, గుర్రం మీద వెళ్ళే హక్కు ఆయనది. ఆయన కొడుకు కాలానికి గుర్రాలు తగ్గాయి. మా తాత మునసబు చేసేనాటికి గుర్రాలు లేవు, జీను మిగిలింది. దాన్ని వసారాలో నాలుగు కాళ్ళు కొట్టిన వేపదుంగకు బిగించి, ఇంట్లో మగపిల్లలందర్నీ దాని మీద కూర్చోబెట్టేవారు. నెత్తిమీద నీళ్ళు నింపిన ఇత్తడి గ్లాసు. అది తొణకకూడదు. వీపు వంగితే తాత చేతికర్రతో నడుం మీద తట్టేవాడు. నేనూ అలాగే నేర్చుకున్నాను.

అందుకే అమెరికాలో, అరిజోనా ఎడారిలో ఒంటెల మీద తిప్పే ఆవిడ "ఇదివరకు స్వారీ చేశారా?" అని అడిగితే, "మాది స్వారీ తెలిసిన కుటుంబం" అన్నాను.

ఆవిడకూ భర్తకూ ఇల్లంటూ లేదు. ఒక వ్యాను, ఐదు ఒంటెలు. చలికాలమంతా ఈ ఎడారి, ఎండలు ముదిరితే ఉత్తరాన కొండలు. మేత అయిపోగానే మకాం ఎత్తేస్తారు. ఆ ప్రయాణంలో వెంట వచ్చేవాళ్ళను రానిస్తారు. రాజస్థాన్‌లో ఒంటెలెక్కిన ఫొటోలు మా అన్న పిల్లలు పంపినప్పటినుంచీ మా అమ్మాయి నన్ను వదల్లేదు. వీసా స్టాంపింగ్ సంగతి తేలేదాకా నేను ఈ దేశం గడప దాటలేను. "ఇక్కడ కూడా కామెల్స్ ఉన్నాయి నాన్నా" అని తనే వీళ్ళను వెతికి పట్టుకుంది.

మేం వెళ్ళిన మర్నాడే మకాం మారుస్తున్నారు. వాళ్ళ నియమం ఒకటే. పెద్దవాళ్ళు తోడుగా ఇంకో ఒంటె మీద ఉంటేనే పిల్లల్ని ఎక్కిస్తారు. నేను ఎక్కలేకపోతే అమ్మాయికీ లేదు. ఇద్దరం వ్యానులో రోడ్డు మీదుగా చుట్టు తిరిగి వెళ్ళాలి. దానికోసమే ఆ సాయంత్రం అలవాటు చేస్తానంది.

"ఒంటె లేచేటప్పుడు వెనక్కి వాలండి" అంది. నేను నిటారుగా కూర్చున్నాను. ఒంటె మొదట వెనక కాళ్ళు ఎత్తింది. నా ముఖం దాని మెడకు తగలబోయింది.

ఎండిపోయిన వాగులోకి దిగాం. రెండువైపులా మనిషి ఎత్తు దాటిన మట్టిగోడలు. నా ఒంటె తాడు ముందున్న ఒంటె జీనుకు, అమ్మాయి ఒంటె తాడు నా జీనుకు. అన్నిటికంటే ముందు ఆవిడ నడుస్తోంది. ఆవిడ చెబితే తప్ప ఒంటె మోకరించదు.

"నడుం వదిలెయ్యండి. దాంతోపాటు ఊగండి. చర్చిలో కూర్చున్నట్టున్నారు."

"నాన్న డైనింగ్ టేబుల్ దగ్గర కూడా అంతే" అని వెనకనుంచి అమ్మాయి.

ఆవిడ నవ్వింది. "దిగాలనుంటే చెప్పండి, ఇక్కడే కూర్చోబెడతాను."

"బాగానే ఉన్నాను" అన్నాను.

బాగా లేదు. ఒక్కో అడుగుకీ వెన్నుపూస కింద రోకటిపోటు పడుతోంది. దిగితే అమ్మాయి రేపటి ప్రయాణం పోతుంది. ఆ గోడల మధ్య వెనక్కి తిరిగే చోటైనా లేదు. నడుం వంచుదామని నిజంగానే చూశాను. వంగలేదు. నెత్తిమీద గ్లాసు ఇంకా ఉన్నట్టే ఉంది.

"నాన్నా, చిన్నప్పుడు నువ్వు నేర్చుకున్న హార్స్ పేరేంటి?"

మెడ తిప్పలేకపోయాను. "పేరు పెట్టలేదు."

"పెట్టలేదా? పాపం."

వాగు చివర నా ఒంటె మూలిగి ఆగిపోయింది. ఆవిడ దాన్ని కూర్చోబెట్టి, నన్ను దింపి, జీను కింద చెయ్యి పెట్టి చూసింది. అక్కడ బొచ్చు ఒరుసుకుపోయి చర్మం ఎర్రబడింది.

"మీ బరువంతా ఒక్కచోటే పడుతోంది. రేపు పొద్దంతా ఇలా వెళితే పుండు పడుతుంది. వద్దు." తర్వాత నావైపు చూసింది. "మీది భయంతో బిగుసుకోవడం కాదు. ఎవరో నేర్పినట్టున్నారు."

"నేర్పారు."

"గుర్రం మీదా?"

అమ్మాయి వింటోంది.

"జీను మీద" అన్నాను.

మర్నాడు వ్యాను ఆవిడ భర్త నడిపాడు. వెనక సీట్లో బెల్టు పెట్టుకుని మేమిద్దరం. కుడివైపు కిటికీలోంచి ఒంటెల వరుస ఇసుకలోకి వెళ్ళడం కనిపిస్తోంది. అమ్మాయి ఏడవలేదు, నన్నేమీ అనలేదు. ఏదైనా అంటే బాగుండేది. రోడ్డు మలుపు తిరిగి ఒంటెలు కనుమరుగయ్యాక, నావైపు చూసి తనూ వీపు నిటారుగా పెట్టి కూర్చుంది.

"ఆ జీను ఇంకా ఉందా నాన్నా? ఇండియా వెళ్ళినప్పుడు నేను కూర్చుంటా."

జీను లేదు. మా నాన్న చనిపోయిన ఏడాది, సినిమా షూటింగులకు సామాను అద్దెకిచ్చే ఒకాయన హైదరాబాదు నుంచి వచ్చి, దుంగతో సహా కొనుక్కెళ్ళాడు.