కాళ్ళకు మొక్కి పట్టుకున్న చేయి

యాభై ఏళ్ళుగా రోజూ డైరీ రాస్తున్నాను. ఒక్క రోజు పేజీలో మాత్రం తెలిసి తెలిసి అబద్ధం రాశాను. "గోల్‌బజార్ వెళ్ళాను. రద్దీ. చేప దొరకలేదు." నిజానికి చేప దొరికింది. సంచితో సహా బురదలో పడింది.

ఆ రోజు ఆ బజారులోని బట్టల దుకాణాల సందులో వెనకనుంచి వచ్చిన మోటారు సైకిల్ నా మోచేతిని రాసుకుంటూ పోయింది. చూసి నడపమన్నాను. వాడు బండి ఆపి దిగాడు. ఇరవై రెండేళ్ళుంటాయేమో. నా కుడి మణికట్టు పట్టుకుని మెలిపెట్టి, "క్యా బోలా, బుడ్ఢా? ఫిర్ బోల్" అన్నాడు, ఏమన్నావో మళ్ళీ అను ముసలోడా అని. నోట్లోంచి గుట్కా కంపు. విడిపించుకోవాలని కూడా నాకు తోచలేదు. ఎడమ చేతిని తీసుకెళ్ళి, వాడి పట్టులో ఉన్న కుడి చేతికే జోడించి, "గల్తీ హో గయా, దాదా" అని తప్పు ఒప్పుకున్నాను. డెబ్బై ఒక్క ఏళ్ళ నేను, మనవడి వయసువాణ్ణి అన్నా అని పిలిచాను. దుకాణాల వాళ్ళు చూస్తూనే ఉన్నారు. వాడు నవ్వి వదిలేశాడు.

వాడి నవ్వుకంటే నా గొంతు నాకు ఎక్కువ రోత పుట్టించింది. ఎన్నాళ్ళనుంచో అలవాటున్నట్టు ఎంత తొందరగా వచ్చిందా మాట!

తరవాత మూడు వారాలు బజారు వైపు పోలేదు. వాన అన్నాను, మోకాళ్ళు అన్నాను. సరుకులకు మా ఆవిడే వెళ్ళింది. ఒకనాడు అడిగేసింది.

"బజారు పేరెత్తితే మొకం మాడిపోతంది. ఏటయింది మీకు?"

"ఏమీ కాలేదు."

"ఏటీ కాకపోతే సంచి ఏదీ?"

చెప్పాను. మొత్తం విని, "సేతులు జోడించినారా?" అని మాత్రం అడిగి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ సందులో చివరిదాకా ఒంటరిగా, తల వంచకుండా ఒక్కసారి నడవాలని ఆ పూటే అనుకున్నాను. అంతకుమించి కోరికేమీ లేదు నాకు.

ఓల్డ్ సెటిల్‌మెంట్ పేటలో ఒక సంఘం హాలు గోడమీద కాగితం అంటించి ఉంది: ఆత్మరక్షణ, అన్ని వయసులవారికీ. శని, ఆదివారాలు పొద్దున్న. చేరతానంటే మా ఆవిడ, "ముందు ఊతం లేకుండా మంచం మీంచి లెగిసి సూపించండి, తరవాత కరాటే సూద్దాం" అంది.

 హాల్లో నీలం రంగు స్పాంజి చాపలు వానాకాలమంతా తడి ఆరలేదు. తడిసిన మేజోళ్ళ వాసన. చాపల అతుకుల్లో ఎవరివో వెంట్రుకలు. నా తువ్వాలు పరచుకుని దానిమీదే కూచునేవాణ్ణి. మాస్టరు ఈ పరాయి రాష్ట్రపు రైల్వే ఊళ్ళోనే పుట్టిన తెలుగువాడు, నలభై దాటినవాడు. మొదటి రోజే నా భుజంమీద చెయ్యి వేసి, "మీలాంటి పెద్దోళ్ళు వస్తే మా క్లాసుకే అందం, అంకుల్" అన్నాడు. పొంగిపోయాను.

అక్కడ ఒక పద్ధతి ఉంది. జోడీలుగా సాధన చేసేముందు చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ కాళ్ళు తాకి ప్రణామ్ చెయ్యాలి. ఈ ఊళ్ళో అదేమీ వింత కాదు. పరీక్షకు వెళ్ళే పిల్లలు, పండక్కి వచ్చే పిల్లలు అందరూ చేసేదే. హాల్లో నేనొక్కణ్ణే ముసలివాణ్ణి కాబట్టి, నా జోడీగా వచ్చిన ప్రతివాళ్ళూ వంగి నా పాదాలు తాకి, లేచి, అదే చేత్తో నా మణికట్టు పట్టుకునేవారు. నేను మాస్టరు చెప్పినట్టు చెయ్యి తిప్పి లాగేవాణ్ణి. విడిపోయేది. ఒక్కోసారి వాళ్ళు చాపమీద దొర్లి కూడా పడేవారు.

ఇంటికొచ్చి డైరీలో గళ్ళు గీసి రాసుకునేవాణ్ణి: ఏ పట్టు, ఎవరు పట్టుకున్నారు, ఏమైంది. మాస్టరు ఫోనులో వీడియో తీసి ఎక్కడెక్కడో పెట్టాడు. టీ కొట్టు దగ్గర ఎవరో, "దాదు, హమ్‌కో మత్ మారియేగా" అని, తాతా నన్ను కొట్టకండి అన్నట్టు దండం పెట్టాడు. నాకు బాగుంది. ఇప్పుడు తలుచుకుంటే కంపరంగా ఉంటుంది గానీ, అప్పుడు బాగుంది.

నాలుగు నెలలయ్యాక ఒక సాయంత్రం ఆ పేజీలన్నీ వరసగా తిరగేశాను. ఏమైంది అన్న గడిలో అన్నిచోట్లా ఒకటే మాట: విడిపించుకున్నాను. విడిపించుకున్నాను. విడిపించుకున్నాను.

నా ఉద్యోగమంతా రైల్వే ఆఫీసులో పట్టాలమీద పనిచేసే గ్యాంగుల హాజరు రిజిస్టర్లు తనిఖీ చెయ్యడంలో గడిచింది. కొట్టివేతలు లేని రిజిస్టరు కనిపిస్తే చాలు, ఎవడో ఒక చోట కూచుని ఒక్క పెన్నుతో నింపాడని అర్థం. మనుషులు నిజంగా పనికి వచ్చినచోట జ్వరాలుంటాయి, ఆలస్యాలుంటాయి, తప్పులుంటాయి. అలాంటివి పట్టుకుని ఎందరినో నిలదీసినవాణ్ణి, నాలుగు నెలలు నా చేత్తో నేనే దొంగ రిజిస్టరు రాసుకున్నాను.

మా పక్కింటాయన వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. నాకంటే రెండేళ్ళు చిన్న. ముప్పై ఏళ్ళుగా ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటున్నాం. ఆదివారం ఆయన చర్చినుంచి వచ్చి ఇంకా ఇస్త్రీ చొక్కా అయినా విప్పలేదు, నేను వెళ్ళి చెయ్యి చాపాను.

"నా మణికట్టు పట్టుకో బావా. నిజంగా పట్టుకో."

పట్టుకున్నాడు. తిప్పాను. లాగాను. మళ్ళీ తిప్పాను.

"ఊఁ, మొదలెట్టు బావా" అన్నాడు.

"మొదలెట్టాను."

ఆయన నవ్వలేదు. చేతివేళ్ళు సడలించి, "కొంపదీసి ఇది నమ్ముకొని బజారుకెళ్ళిపోలేదు కదా?" అన్నాడు.

తరవాతి శనివారం నా జోడీగా వచ్చినది ప్రేమ్ బజార్‌లో గది తీసుకుని చదువుకుంటున్న పిల్ల. మన టెక్కలి వైపు అమ్మాయి. వంగబోతుంటే ఆపాను.

"కాళ్ళు వద్దు తల్లీ. చెయ్యి గట్టిగా పట్టుకో. వదలొద్దు."

ఆ పిల్ల మాస్టరు వైపు చూసింది. "గట్టిగా పట్టుకోవద్దన్నారండి తాతగారూ. మీరు లాగితే వదిలీమన్నారు. కాళ్ళు ముట్టుకున్నాక గట్టిగా పట్టుకోడానికి నాకూ మనసొప్పదు."

మాస్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన దాచలేదు. "మీకేమైనా అయితే ఎవులు జవాబు సెప్తారు అంకుల్? మీరు గెలిస్తే మీకూ కుషీ, సూసినోళ్ళకీ కుషీ. ఇందులో ఎవరికేటి నష్టం?"

"రేపు వీధిలో ఎవడైనా నా చెయ్యి పట్టుకుంటే, వాడు కూడా వదిలేస్తాడనుకుంటాను కదా. అదే నష్టం."

"అరే, టెన్షన్ ఎందుకు? వచ్చే నెల ప్రదర్శనలో మీకు పసుపు బెల్టు ఇచ్చేస్తన్నాం" అన్నాడు.

ఆ మాటకు ఒళ్ళంతా మైల పడ్డట్టు అనిపించింది. అయినా మానలేదు. మానేస్తే, భయపడి మానేశాననుకుంటాను. రోజూ సాయంత్రం బావ వరండాలో సాధన మొదలుపెట్టాను. ఆయనకు కరాటే రాదు. యంత్రాలు తెలుసు. "నాలుగు వేళ్ళు ఒకపక్క, బొటనేలు ఒక్కటీ ఒకపక్క. బలం లేని పక్కకి పోవాల. వెనక్కి లాగీకు, నా మీదికి రా" అనేవాడు. శత్రువు మీదికి అడుగు వెయ్యడానికి నా కాళ్ళు ఒప్పుకునేవి కావు. మణికట్టు నల్లగా కమిలింది. మా ఆవిడ గుమ్మంలోంచి, "ఇద్దరు ముసలోళ్ళూ సేతులు పట్టుకుని కూకున్నారు, వీధోళ్ళేటనుకుంటారో" అంది గానీ, కొబ్బరినూనె గిన్నె తెచ్చి పక్కన పెట్టింది. పదిసార్లకు ఒకసారి విడిపించుకోగలిగేవాణ్ణి. కొన్ని రోజులు అదీ లేదు. ఉన్నది ఉన్నట్టే రాసుకున్నాను.

ప్రదర్శన రోజు ప్లాస్టిక్ కుర్చీల్లో నూరు మందిదాకా ఉన్నారు. పాటలు, మైకు. ఆ అమ్మాయికి ముందే చెప్పి ఉంచాను. కాళ్ళు తాకకుండా, రెండు చేతులతో నా మణికట్టు బిగించి పట్టుకుంది. మొదటిసారి రాలేదు. రెండోసారి ముందుకు అడుగు వేశాను, కాలు జారి మోకాలిమీద కూలబడ్డాను. మూడోసారీ రాలేదు. కుర్చీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ పట్టు మాత్రం సడలించలేదు. ఆ హాల్లో నాకు దక్కిన మొదటి మర్యాద అది.

మాస్టరు గబగబా వచ్చి, "దాదు ఆజ్ థోడా థక్ గయే" అని, తాతగారు ఇవాళ కాస్త అలిసిపోయారని మైకులో చెప్పి, నా నడుముకు పసుపు బెల్టు కట్టేశాడు. చప్పట్లు. నేను ముడి విప్పి ఆయన చేతిలో పెట్టి, "నేను తప్పాను. ఇది నాకు రాదు" అన్నాను. నా మాట మైకులో పడింది. ఆయన ఒక్క క్షణం తడబడి, వెంటనే బెల్టు పైకెత్తి, "దేఖియే, ఇత్నా నమ్రతా!" అని నా వినయాన్ని మెచ్చుకున్నాడు. చప్పట్లు రెట్టింపయ్యాయి. కొందరు లేచి నిలబడ్డారు. ఓడిపోయానని చెప్పినా వినని జనం! వాళ్ళ మొహాల్లోని ఆ తియ్యదనం చూడలేకపోయాను. చెప్పులు వేసుకుని బయటపడ్డాను.

ఇంటికి పోలేదు. వాచిన చేత్తో గోల్‌బజార్ వైపు నడిచాను. ఎవడైనా పట్టుకుంటే పదిలో తొమ్మిదిసార్లు విడిపించుకోలేనని నాకిప్పుడు కచ్చితంగా తెలుసు. బట్టల సందు మొదట్లో ఆగి తల ఎత్తుకున్నాను. లోపలికి వెళ్ళాను. వెనక హారన్ మోగింది. పక్కకు జరిగి, వెనక్కి తిరిగి, బండి నడిపేవాడి మొహంలోకి చూశాను. వీడు వేరే మనిషి. దాటి వెళ్ళిపోయాడు. సందు చివరిదాకా వెళ్ళాను. ఒక్కసారే అయితే అదృష్టమనుకుంటానేమోనని, అదే దారిన మళ్ళీ మొదటిదాకా నడిచాను.