పండగ దాటేదాకా ఆగే పండు

మా వదిన అన్ఫీసా పెళ్ళినాడు ఆవిడ వేళ్ళు ఊదారంగులో ఉన్నాయి. సబ్బు పెట్టి తోమారు, నిమ్మచెక్క రుద్దారు, పుల్లటి పాలు పోసి కడిగారు. మరక వదల్లేదు. జులైలో వచ్చే పీటర్ పండగ వెళ్ళిన ఆదివారం పెళ్ళి. పండగ ముందురోజు మధ్యాహ్నం దాకా పెళ్ళికూతురు నడుముకి బకెట్ కట్టుకుని బ్లాక్‌బెర్రీలు కోస్తూనే ఉంది మరి. మా మేనత్త స్తెఫనీద ఆ చేతులు చూసి, "పిల్ల బాగానే ఉంది గానీ, చేతులు చూస్తే ఎవరి తోటలోనో పడి దొరికిపోయినట్టుందిరా" అని మా అన్నయ్య చెవిలో ఊదింది. సవేలీ అన్నయ్య పెళ్ళికూతురి మీంచి చూపు తిప్పకుండా, "ఆ చేతులు చూసేగా అత్తా, నేను ఒప్పుకుంది" అన్నాడు. అన్నయ్య తన జన్మలో సరసంగా మాట్లాడింది ఆ ఒక్కసారే. అదైనా నేను పక్కనే నిలబడి వినబట్టి నలుగురికీ తెలిసింది.

రష్యా వదిలి దేశాలు పట్టిన పాత ఆచారాల క్రైస్తవులం మేము. వదిన బ్రెజిల్లో పుట్టింది. వాళ్ళ నాన్న కుటుంబాన్ని ఒరెగాన్ తీసుకొచ్చేసరికి పాలపళ్ళు ఊడే వయసు. వచ్చిన వేసవిలోనే బెర్రీ వరసల్లో దిగింది, ఇక బయటికి రాలేదు. మొదటి సరఫాను గౌనుకి గుడ్డ కొనుక్కున్నది కోత కూలితోనే, అన్నయ్య కంటబడిందీ కోతలోనే. ఇప్పుడు మనవలున్నారు, మోకాళ్ళు నొప్పులు. అయినా జులై వచ్చిందంటే ఆ మోకాళ్ళు ఎటు పోతాయో తెలియదు. కోత రోజుల్లో మా ఆడవాళ్ళం పాతికమందిమి రంగురంగుల సరఫాన్లు వేసుకుని వరసల్లో చేరతాం. ఎవరి కోడలు ఏమంది, ఎవరి మొగుడు కొత్త పికప్ కొన్నాడు, అన్నీ అక్కడే తేలిపోతాయి. అందరికంటే గట్టిగా నవ్వేది వదిన. ఆవిడ నవ్వు విని పక్క తోటలో కుక్కలు మొరుగుతాయని అత్త అంటుంది. అది అబద్ధమేమీ కాదు, నేను చూశాను.

వాళ్ళకున్నది మారియన్ అనే బ్లాక్‌బెర్రీ రకం, ఏడెకరాల తోట. మారియన్ రుచికి ఎదురు లేదు, ఆ మాట శత్రువైనా ఒప్పుకుంటాడు. కానీ ఒళ్ళంతా ముళ్ళు. పైగా పండు పండిందంటే ఒక్కరోజు ఆగదు. ఇక్కడే మాకు చిక్కు. మావాళ్ళు ఆదివారం పని ముట్టరు, పండగరోజు ముట్టరు. పండగలేమో వేసవిలోనే ఒకదాని వెనక ఒకటి వస్తాయి. వాటిలో పీటర్ పండగ సరిగ్గా కోత మధ్యలో వచ్చి కూర్చుంటుంది. అది ఏ సోమవారమో వచ్చిందంటే రెండు రోజులు వరసగా బకెట్లు కొట్లో బోర్లించాల్సిందే.

నాలుగేళ్ళ కిందట అలాగే వచ్చింది. దానికి తోడు ఎండ మండిపోయింది. శనివారం సాయంత్రం ప్రార్థనకి వెళ్ళినవాళ్ళం మంగళవారం పొద్దున తోటలోకి వెళ్ళేసరికి వరసల కింద నేల నల్లగా ఉంది. పండంతా రాలిపోయి, ఎండకి పులిసి, తోట తోటంతా సారాకొట్టు వాసన. వదిన ఆ రోజు నవ్వలేదు. అన్నయ్య వరస చివర నిలబడి టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు, ఎవరైనా పోయినప్పుడు పట్టుకున్నట్టు.

ఆ రాత్రి భోజనాల దగ్గర అన్నయ్య నోరు విప్పాడు. తోట ఎలాగూ ముసలిదైపోయింది, పీకేసి కొత్తది వెయ్యక తప్పదు, వేసేది హేజల్ గింజల చెట్లే వేద్దామన్నాడు. చుట్టుపక్కల చాలామంది అదే పని చేస్తున్నారన్నాడు. ఆ గింజలు శరత్కాలంలో రాలతాయి, రాలినవి నేలమీద మన కోసం పడుంటాయి, పండగకి తొందరపెట్టవు. వదిన ఏదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ప్రార్థనలో వంగినప్పుడల్లా నాకు దేవుడు కనపడలేదే, పొలం కనపడింది. పక్కింటివాణ్ణి పిలిచి వాడి కోత యంత్రం తోలమంటే సరిపోయేది కదా అనిపించింది. నా చేత అలాంటి ఆలోచన చేయించే పంట నాకొద్దు."

కానీ హేజల్ చెట్లంటే ఏమిటి? యంత్రం వచ్చి చెట్టుకిందంతా ఊడ్చుకుని పోతుంది. పాతికమంది ఆడవాళ్ళు లేరు, బకెట్లు లేవు, పుకార్లు లేవు, ఊదారంగు వేళ్ళు లేవు. జులైలో వదిన ఇంట్లో కూర్చుని కిటికీలోంచి చూడాలి. రెండు రోజులు తిండి మానేసింది, మూడో రోజు పికప్ వేసుకుని నర్సరీకి పోయింది.

అక్కణ్ణుంచి మొక్కలు మాట్లాడుకుని వచ్చింది. నాలుగు రకాలు, రకానికి మూడేసి మొక్కలు, ఒక్కదానికీ ముల్లు లేదు. బావి గది పక్కన తీగలు కట్టి నాటుతానంది. వీటిలో పండగ దాటేదాకా కొమ్మమీద ఆగి, తింటే బాగుండే పండు ఒక్కటున్నా ఏడెకరాలూ అదే వేద్దాం, లేకపోతే నీ గింజలే వేసుకో అని అన్నయ్యతో బేరం పెట్టింది. నాటిన మూడో ఏటికి గానీ నిండుకాపు రాదు. ఒకసారి తోట వేశాక పదిహేనేళ్ళు దాంతోనే కాపురం, కాబట్టి మూడేళ్ళు ఆగితే కొంప మునగదని నేనూ వదినకి వంత పాడాను. అన్నయ్య గడ్డం నిమురుకుని, నిండుకాపు వచ్చిన ఏడు పీటర్ పండగే గడువు, తర్వాత ఒక్కరోజు ఇవ్వనన్నాడు.

మొక్కలకి నర్సరీవాళ్ళు కట్టిన అంకెల చీటీలు మొదటి వానకే వెలిసిపోయాయి. పేర్లు మేమే పెట్టుకున్నాం. బొటనవేలంత పండ్లు కాసి, నిగనిగలాడుతూ నిటారుగా నిలబడేదానికి గవర్నరు. ముట్టుకోకముందే రసం కార్చేదానికి ఏడుపుగొట్టు. అన్నీ పండి అయిపోవస్తున్నా ఇంకా ఎర్రగానే ఉండేదానికి సోమరి. నాలుగోది చూడ్డానికి ఏమీ లేదు. చిన్న పండు, ఆకుల చాటున దాక్కుంటుంది. దానికి పొట్టిది అన్నాం, అంతకంటే ఆలోచించాలనిపించలేదు.

ఈ వేసవి నిండుకాపు వచ్చింది. పీటర్ పండగ శనివారం పడింది, మర్నాడు ఆదివారం. పరీక్షకి ఇంతకంటే మంచి రోజులు దొరకవని వదిన ఎగిరి గంతేసినంత పనిచేసింది. పండగ ముందు బుధవారం మమ్మల్నందర్నీ బావి గది దగ్గరికి పిలిచి రుచి చూడమంది. అందరం గవర్నరునే మెచ్చుకున్నాం. తేనెలా ఉందన్నాను నేను. ఏ పండునీ మెచ్చుకోని స్తెఫనీద అత్త కూడా రెండోది అడిగి తీసుకుంది. అన్నయ్య ఒకటి నోట్లో వేసుకుని, బాగానే ఉంది, పండగ కానీ చూద్దాం అన్నాడు. వదిన మొహం వెలిగిపోయింది. గట్టిదనం ఉంది, రుచి ఉంది, ఇంక కావాల్సిందేముందని ఆ సాయంత్రమే నర్సరీకి ఫోన్ చేసి మొక్కలు ఉన్నాయా అని అడిగేసింది.

మాలో ఒక్కరికీ ఒక సంగతి తట్టలేదు. అప్పటికి పీటర్ పండగ ముందు వచ్చే ఉపవాసాల్లో ఉన్నాం. వారాల తరబడి మాంసం లేదు, పాలు లేవు, గుడ్డు లేదు, వెన్న లేదు. ఉడకేసిన బంగాళాదుంప, ఊరేసిన క్యాబేజీ. అలాంటి నాలుకకి గవర్నరు కాదు, గవర్నరుని కట్టిన కర్ర గుంజ నమిలినా తియ్యగానే ఉండేది.

శుక్రవారం మధ్యాహ్నం కోత ఆపేశాం. శనివారం ప్రార్థన ముగించుకుని వచ్చి ఉపవాసం విడిచాం. మాంసం కూరిన పెల్మెని ఉండలు, వాటిమీద గరిటెడు మీగడ, వెన్నలో వేయించిన గుడ్లు, మూడు రకాల పిరోగు రొట్టెలు, పళ్ళు పులియబెట్టి వదిన చేసిన బ్రాగా. రెండు రోజులూ తినడం, పడుకోవడం, మళ్ళీ తినడం. అన్నయ్య మాత్రం భోజనం కాగానే, అరగడానికి కాస్త నడిచొస్తానని మాయమయ్యేవాడు. ఆదివారం సాయంత్రం తిరిగొచ్చినప్పుడు తెల్లటి గడ్డం మీద ఊదా మరక కనపడింది. బ్రాగా ఒలకబోసుకున్నాడనుకున్నాను. తాగినవాడి గడ్డం గురించి పండగపూట ఎవరు మాట్లాడతారు?

సోమవారం పొద్దున్నే బావి గది దగ్గర చేరాం. వదిన ముందు నడుస్తోంది, వెనక అన్నయ్య, ఆ వెనక కర్ర పొడుచుకుంటూ అత్త, నేను. గవర్నరు కాపు కాపంతా కొమ్మమీదే ఉంది. వదిన గర్వంగా తలా రెండు కోసి ఇచ్చింది. నేను నోట్లో వేసుకున్నాను, దవడలు లాక్కుపోయాయి. నిన్నటి మీగడా వెన్నా రుచి మరిగిన నాలుకకి అది పండులా లేదు, నానబెట్టిన గుగ్గిలంలా ఉంది. అత్త నమిలినదాన్ని చేతిలోకి ఉమ్మి చూసుకుంది.

"ఇది బుధవారం తిన్నది కాదే. చెట్టు మార్చావా ఏమే?"

"చెట్టు అదే అత్తా. మన నాలుకే మారింది," అంది వదిన, నెమ్మదిగా.

ఏడుపుగొట్టు సంగతి చెప్పక్కర్లేదు, నేలంతా దాని కన్నీళ్ళే. సోమరి ఇంకా ఎర్రగానే ఉంది, మరో పండగదాకా లేచేలా లేదు. ఇంక మిగిలింది పొట్టిది. మూడు మొక్కలూ పండిన పండన్నది లేకుండా బోసిగా ఉన్నాయి. ఎర్ర కాయలు మాత్రం ఉన్నాయి. వదిన రెండు చేతులూ కిందికి జారవేసింది. అన్నయ్య పక్కకి తిరిగి ఆకాశం చూస్తున్నాడు. పాతికమంది ఆడవాళ్ళం, మా సరఫాన్లు, మా పుకార్లు అన్నీ ఆ బోసికొమ్మల్లో పోయినట్టే అనిపించింది. మూడేళ్ళు నీళ్ళు పోసింది వదిన వాటికి, కాల్వలో పోసినా పుణ్యముండేది అనుకున్నాను.

రాలినవాటిని ఊడ్చేద్దామనేమో, వదిన వంగింది. వంగినావిడ అలాగే ఉండిపోయింది. నేలమీద ఒక్క పండు లేదు. మట్టి శుభ్రంగా ఉంది. ఆకులు పక్కకి తీసి చూస్తే మోకాలి కిందికి కొమ్మల నిండా పండ్లున్నాయి. నిగనిగలు పోయి, బాగా పండితే వచ్చే మాసిన నలుపులో ఉన్నాయి. వేలు తగిలితే చాలు చేతిలోకి వస్తున్నాయి, చుక్క రసం కారడం లేదు. నడుం ఎత్తులో, ఛాతీ ఎత్తులో ఉన్నవే లేవు. అంటే రాలినవి కావు. నడుం వంగనివాడెవడో నిలబడి తీసుకున్నాడు.

వదిన లేచి మా ముగ్గుర్నీ చూసింది. ఆవిడ చూపు అన్నయ్య గడ్డం మీద ఆగింది.

"ఏమయ్యా, గడ్డానికి ఏమిటది?"

"బ్రాగా."

"ఈసారి బ్రాగా నేను ఆపిల్ పళ్ళతో కదా చేసింది."

అన్నయ్య చెవులు ఎర్రబడ్డాయి. అరవై దాటిన మనిషి, మా ఊరి మగవాళ్ళందరిలోకీ పట్టుదలగలవాడు, తన తోటలో తను దొంగలా దొరికిపోయి నిలబడ్డాడు. పండగనాడు కోత కోశావా అని అత్త కర్ర ఎత్తింది. కొయ్యలేదు, తిన్నానంతే, తినడం పనెలా అవుతుందని గొణిగాడు. ఒకటి రుచి చూద్దామని వచ్చాడట, ఇంకోటి తిన్నాడట, ఆదివారం ప్రార్థనలో ఉండగానే గుర్తొచ్చి, భోజనం కాగానే మళ్ళీ వచ్చాడట.

"అయితే నిన్న ప్రార్థనలో మళ్ళీ పొలమే కనపడిందన్నమాట," అంది వదిన. నవ్వు ఆపుకుంటోందని ఆవిడ భుజాలే చెబుతున్నాయి.

దొరికిపోయాక అన్నయ్య ఇంక అబద్ధమాడే మనిషి కాదు.

"లేదే. రాలిపోతాయన్న భయం ఒక్కసారి కూడా రాలేదు. ఇంత మంచి పండు ఇచ్చినందుకు దణ్ణం పెట్టుకున్నాను."

అప్పుడు నవ్వింది మా వదిన. పక్క తోటలో కుక్కలు మొరిగాయి. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది, తలగుడ్డ కొసతో కళ్ళు తుడుచుకుని, అదే కొస తడిచేసి అన్నయ్య గడ్డం రుద్దింది. మరక వదల్లేదు.

ఆ మధ్యాహ్నమే ముగ్గురం నర్సరీకి వెళ్ళాం. ఏడెకరాలకి ఏ రకం ఇమ్మంటారని అక్కడి మనిషి అడిగాడు. చీటీలో అంకె ఎప్పుడో వెలిసిపోయింది, పొట్టిది అంటే వాళ్ళకేం తెలుస్తుంది? వదిన తన ఊదారంగు వేలితో అన్నయ్య గడ్డం చూపించి, ఈ మరక ఏ రకానిదో అది ఇమ్మంది. ఆ మనిషి నోరు తెరిచాడు. అన్నయ్య సిగ్గుపడుతూనే గడ్డం కాస్త ముందుకి పెట్టాడు.