లలిత నన్ను అడిగింది

2009 ఆగస్టు 11, మంగళవారం, మధ్యాహ్నం పన్నెండు దాటి పది నిమిషాలు. అప్పుడు మొదలైంది. పదహారేళ్లుగా దీన్ని ఒక్కదాన్నే మోస్తున్నాను. ఇంట్లో చెప్పుకోవడానికి ఎవరూ లేరు; ఉన్నా చెప్పేదాన్ని కాదేమో. మీరెవరో నాకు తెలియదు కనుక మీకు చెప్పగలుగుతున్నాను.

నేను భద్రాచలంలో వకీలును. ఇప్పుడు డెబ్బై ఐదు. ఆ ఏడు నా దగ్గర ఖమ్మం కాలేజీలో చదివే ఒక లా విద్యార్థిని ఉండేది. లలిత అందాం, అసలు పేరు రాయను. దుమ్ముగూడెం వైపు ఒక గూడెం పిల్ల, అక్కడి నుంచి లా దాకా వచ్చిన మొదటి మనిషి. ఆఖరి ఏడు విద్యార్థులు వకీలు దగ్గర కూర్చుని, కక్షిదారులు చెప్పేది విని, డైరీ రాసి సంతకం పెట్టించుకోవాలి. తేదీ, గంట, పేరు, ఊరు లేకపోతే నేను ఆ పేజీ కొట్టేసేదాన్ని. "మేడం, మీరు పొద్దుగాల చాయ్‌తోటి గడియారం గిట్ల మింగుతరా ఏంది?" అని నవ్వేది. నా ఆఫీసులో నవ్విన మనిషి ఆమె ఒక్కతే.

ఆ మంగళవారం నాటికి డైరీలో ఒక తల్లి సంగతి ఉంది. భర్త దెబ్బలు తట్టుకోలేక ఐదేళ్ల కూతురిని తీసుకుని సారపాకలో అక్క ఇంట్లో దాక్కుంది. ఆ ఇల్లు ఎక్కడో నాకూ లలితకూ తప్ప బయటివాళ్లెవరికీ తెలియదు. నేను అన్నం డబ్బా విప్పుతున్నాను.

"మేడం, గీ డైరీ నెట్‌ల పెట్టనా? ఎట్ల రాయాల్నో చూపియ్యమని మా క్లాసోళ్లు పానం తీస్తుండ్రు."

"మొత్తమా?"

"అవ్ మేడం, మీ సంతకాలతోటి సహా. మా మేడం గిట్ల రాపిస్తదని చూపెడత."

"పెట్టుకో. తప్పుల్లేకుంట చూస్కో."

నెట్ అంటే ఏమిటో నాకు తెలియదు. ఫొటోలు పెట్టుకుని స్నేహితులు మాట్లాడుకునే సైటు ఏదో ఉందని, పిల్లలు దానికోసం నెట్ సెంటర్లలో కూర్చుంటున్నారని విన్నాను, అంతే. అందులో పెట్టింది ముక్కూ మొహం తెలియనివాడు కూడా చదవగలడని తెలియదు. సరే, తెలియదు. మరి అడగొచ్చు కదా? ఎవరెవరు చూస్తారు? రెండే మాటలు. ముప్పై ఏళ్ల ప్రాక్టీసు ఉన్నదాన్ని, ఒక విద్యార్థిని ముందు తెలియదని ఎలా అనడం అనుకున్నానా, లేక నా సంతకాలు ఖమ్మం దాకా చూస్తారన్న సంబరమా? ఎన్నిసార్లు తవ్వుకున్నా రెండోదే ఎక్కువగా బయటపడుతుంది.

ఆ భర్త స్నేహితుడొకడు ఖమ్మంలో లా చదువుతున్నాడు. వాడు చదివి, అక్క ఇల్లు, పాప బడి ఎక్కడో భర్తకు చెప్పాడు. ఆగస్టు 29, శనివారం, బడిలో అన్నం గంట కొట్టాక పాపను ఎత్తుకుపోయారు.

సెప్టెంబర్ 7న లలిత కాలేజీ నుంచి ఉత్తరం వచ్చింది. ఇది మీ అనుమతితోనే జరిగిందా అని. రెండు వాక్యాల్లో జవాబిచ్చాను. నన్ను అడగలేదు. నేను ఒప్పుకోలేదు. నేను చెబుతుంటే టైపు చేసింది లలితే. ఆమె వేళ్లు ఒకసారి ఆగాయి. నా వైపు చూడలేదు. "తేదీ ఇయ్యాల్టిదేనా మేడం?" అని మాత్రం అడిగింది.

ఆఖరి పరీక్షలకు ఆమెను కూర్చోనివ్వలేదు. మళ్లీ నా ఆఫీసుకు రాలేదు. నేనూ పోలేదు. దుమ్ముగూడెం బస్సు మా వీధి చివర్లోనే ఆగుతుంది.

అక్కడితో ఆగినా బాగుండేది. తర్వాత అందరి చేతికీ ఫోన్లు వచ్చాయి. కోర్టు మెట్ల మీద కక్షిదారుతో ఫొటో దిగి, కేసు వివరాలతో సహా లోకానికి చూపించే జూనియర్లు వచ్చారు. లా విద్యార్థులకు నాలుగు జాగ్రత్తలు చెప్పమని నన్ను పిలవసాగారు. నేను ఏం చెప్పాను? లలిత కథే చెప్పాను. "ఒక అమ్మాయి, సీనియర్‌ను ఒక్క మాట అడగకుండా..." అంటూ. పన్నెండు సభలు. తేదీలన్నీ నా దగ్గర ఉన్నాయి. ప్రతిసారీ చప్పట్లు కొట్టారు. చెప్పగా చెప్పగా అదే నిజమని నాకే అనిపించిన రోజులున్నాయి.

పన్నెండోది గత నెల. వెనక వరుసలోంచి ఒక పిల్ల లేచి, "ఆమె నిజంగనే అడగలేదా మేడం?" అంది.

"లేదు" అన్నాను. నీళ్లు తాగాను. ఆ పిల్ల కూర్చుంది.

అడిగింది. నన్ను అడిగింది. పెట్టుకో అన్నాను.

ఈ మూడు వాక్యాలు ఇన్నాళ్లకు కాగితం మీద పెట్టాను. అంతే. క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు.

పోయినవి ఇవి. పాప 2011 ఫిబ్రవరి 3న దొరికింది. తల్లికి ఐదు వందల ఇరవై మూడు రోజులు. ఇంటికొచ్చాక కూడా ఆ పిల్ల చాలాకాలం ఆమెను అమ్మా అనలేదట, అది ఎన్ని రోజులో నాకు తెలియదు. లలితకు ఆఖరి ఏడు, దాంతోపాటు అంతకుముందు చదివిన రెండేళ్లు. ఆ గూడేనికి రావలసిన వకీలు, ఒకరు. ఇంకెవరూ రాలేదు.